లెక్కలో ఎవరున్నారు? లైంగిక వ్యాధుల గణాంకాలను విద్యార్థి చదవవలసిన తీరు

హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో పల్లెలూ పట్టణాలూ కలిపి ఇంటింటికీ తిరిగి, 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న 12 వేల మందికి పైగా రక్తపు చుక్కలు సేకరించి హెచ్‌ఐవీ పరీక్ష చేసింది. 2006లో ప్రచురితమైన ఆ అధ్యయనం తేల్చిందేమిటంటే, ప్రభుత్వం అప్పటిదాకా అనుసరిస్తున్న పద్ధతిలో లెక్కగడితే జిల్లాలో హెచ్‌ఐవీ ఉన్నవారి సంఖ్య ఇంటింటి సర్వేలో వచ్చినదానికి దాదాపు రెండున్నర రెట్లు వస్తోందని. జిల్లా అదే, వైరస్ అదే. మారిందల్లా ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నదే.

ప్రభుత్వ పద్ధతిని సెంటినెల్ సర్వేలెన్స్ అంటారు. ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, నిర్ణీత కాలంలో పరీక్షల కోసం వచ్చిన గర్భిణులను వరుసగా 400 మందిని తీసుకుంటారు. సిఫిలిస్ పరీక్ష కోసం తీసిన రక్తంలో మిగిలిన భాగాన్ని, పేరూ ఊరూ తొలగించి, హెచ్‌ఐవీకి పరీక్షిస్తారు. సుఖవ్యాధుల క్లినిక్కుల వంటి చోట్ల 250 నమూనాలు తీసుకుంటారు. ఇందులో మోసమేమీ లేదు. కానీ లెక్క పెరగడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పాజిటివ్ అని తేలిన గర్భిణిని కాన్పుకు పెద్దాసుపత్రికి పొమ్మనడం ఆ రోజుల్లో మామూలు విషయం. ఆ ఒక్క మాటతో ఆమె ప్రభుత్వ ఆసుపత్రి నమూనాలో చేరిపోయేది, ప్రైవేటులోనే ఉండిపోయిన నెగటివ్ గర్భిణులు ఏ లెక్కలోనూ ఉండేవారు కాదు. ప్రభుత్వ ఆసుపత్రికి పేదలే ఎక్కువగా వస్తారన్నది రెండో కారణం. సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చినవారి నుంచి అంచనా కట్టిన సంఖ్యను దానిమీద అదనంగా కలపడం మూడోది.

మరుసటి ఏడాదే దేశం లెక్క కూడా మారింది. అంతకు ముందు భారత్‌లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 52 లక్షలని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 57 లక్షలని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం చెబుతూ వచ్చాయి. 2005-06లో జరిగిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటింటా రక్తపరీక్షలు చేశాక, విస్తరించిన సెంటినెల్ నిఘా కేంద్రాల సమాచారాన్నీ దానితో కలిపి, 2007 జూలైలో ఆ సంఖ్యను సుమారు 25 లక్షలకు సవరించారు. ఏడాదిలో సగం మంది కోలుకోలేదు, సగం మంది చనిపోలేదు. ఈ సంగతి తెలియని విద్యార్థి 2005 సంఖ్యనూ 2007 సంఖ్యనూ ఒకే గ్రాఫులో పెట్టి, మధ్యలో గీత గీసి, దేశంలో హెచ్‌ఐవీ సగానికి పడిపోయిందని రాసేస్తాడు. అలాంటి గ్రాఫు చూడటానికి అందంగా ఉంటుంది, చెప్పేది మాత్రం పూర్తిగా తప్పు.

జంతుశాస్త్రం, నర్సింగ్, సోషల్ వర్క్, జర్నలిజం, న్యాయశాస్త్రం, ఏది చదువుతున్నా, లైంగికంగా సంక్రమించే వ్యాధులపై ప్రాజెక్టు చేసే విద్యార్థి మొదట వెతకవలసింది వ్యాధుల జాబితా కాదు, ఏ సంఖ్య ఎక్కడ పుట్టిందన్న సమాచారం. ఇక్కడ దొరికే ప్రతి అంకె వెనుకా ఒక గుమ్మం ఉంటుంది. ఆ గుమ్మం దాకా ఎవరు రాగలిగారో తెలియకుండా ఆ అంకెకు అర్థం చెప్పలేం.

లక్షణాలు ఉన్నవారు, లేనివారు

లైంగిక సంపర్కం ద్వారా వ్యాపించగల బ్యాక్టీరియాలు, వైరస్‌లు, పరాన్నజీవులు 30కి పైగా ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాటిలో ఎక్కువగా కనిపించేవి ఎనిమిది. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్ మందులతో పూర్తిగా నయమయ్యేవి. హెచ్‌ఐవీ, హెర్పిస్, హెపటైటిస్ బి, హెచ్‌పీవీ వైరస్‌ల వల్ల వచ్చేవి. ఈ రెండో నాలుగింటినీ కలిపి 'నయం కానివి' అని ఒక్క ముక్కలో రాసేయడం విద్యార్థుల వ్యాసాల్లో తరచూ కనిపించే పొరపాటు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల హెచ్‌పీవీ సోకినవారిలో ఎక్కువమంది శరీరం రెండేళ్లలోపు దాన్ని తనంతట తానే వదిలించుకుంటుంది. పెద్ద వయసులో సోకిన హెపటైటిస్ బి కూడా చాలామందిలో తగ్గిపోతుంది. ఈ రెండింటికీ టీకాలున్నాయి. హెచ్‌ఐవీని శరీరం నుంచి పూర్తిగా తొలగించే మందు ఇంకా వాడుకలోకి రాలేదు గానీ, మందులు క్రమం తప్పకుండా వాడితే రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గుతుంది, ఆ స్థితిలో ఉన్నవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు.

అంతకంటే ముఖ్యమైన తేడా ఇన్‌ఫెక్షన్‌కూ వ్యాధికీ మధ్య ఉంది. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ బాధా తెలియదు. తెలియకుండానే అది గర్భాశయం నుంచి ఫాలోపియన్ నాళాల దాకా పాకి, కొందరిలో సంతానలేమికి కారణమవుతుంది. మగవారిలో గనేరియా అలా కాదు. మూత్రానికి వెళ్లినప్పుడు మంట, చీము రెండు మూడు రోజుల్లోనే మనిషిని డాక్టరు దగ్గరికో మందుల షాపుకో పరుగెత్తిస్తాయి. కాబట్టి ఆసుపత్రి రిజిస్టరులో గనేరియా మగవారిలోనే ఎక్కువ అని కనిపిస్తే, అది రోగం తీరు గురించి చెప్పే మాటో, ఎవరికి నొప్పి తెలిసింది అన్నదాని గురించి చెప్పే మాటో ఆలోచించాలి. పైగా చాలామంది ఆర్‌ఎంపీ దగ్గరో, పక్క ఊరి మెడికల్ షాపులోనో మందు తీసుకుని ఇంటికి వెళ్లిపోతారు. వారు ఏ రిజిస్టరులోకీ ఎక్కరు.

రిజిస్టరులో ఎక్కినవారి విషయమైనా స్పష్టంగా ఉంటుందా అంటే, అదీ లేదు. మన ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్కులు చాలా ఏళ్లుగా లక్షణాలను బట్టి వైద్యం చేసే పద్ధతిని పాటిస్తున్నాయి. ల్యాబు ఫలితం కోసం రోగిని వారం ఆగమంటే మళ్లీ రాకపోవచ్చు. అందుకే లక్షణం చూసి, దానికి కారణం కాగల సూక్ష్మజీవులన్నిటికీ సరిపడా మందును అదే రోజు ఇచ్చి పంపిస్తారు. ఇందుకోసం నాకో రంగుల కిట్లను రూపొందించింది. మూత్రనాళం నుంచి చీము వస్తే బూడిదరంగు కిట్టు; అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి. స్త్రీలలో యోనిస్రావానికి ఆకుపచ్చ కిట్టు; పుండ్లకు తెల్ల కిట్టు; పెన్సిలిన్ పడనివారికి నీలం; హెర్పిస్‌కు ఎరుపు; పొత్తికడుపు నొప్పికి పసుపు; గజ్జల్లో బిళ్లకు నలుపు. ప్రజారోగ్యం కోణంలో ఇది తెలివైన ఏర్పాటే. రోగి ఒక్కసారి వచ్చినా వైద్యం అందుతుంది, మందులు ఉచితం, నర్సుకు కూడా నేర్పవచ్చు.

చిక్కల్లా ఆ కిట్ల లెక్కను రోగాల లెక్కగా చదవడంలోనే వస్తుంది. ఆకుపచ్చ కిట్టు తీసుకున్న స్త్రీలలో చాలామందికి ఉన్నది యోనిలో సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతుల్యం దెబ్బతినడమో, క్యాండిడా అనే ఫంగసో కావచ్చు. ఇవి లైంగికంగా సంక్రమించే వ్యాధుల కోవలోకి రావు. అయినా నెలవారీ నివేదికలో ఆమె సుఖవ్యాధి కేసుగానే చేరుతుంది. మరోపక్క లక్షణాలు లేని క్లమీడియాతో ఇంట్లో ఉన్న స్త్రీ ఏ నివేదికలోనూ ఉండదు. అంటే ఒకే రిజిస్టరు స్త్రీల విషయంలో ఒకవైపు ఎక్కువగానూ, మరోవైపు తక్కువగానూ లెక్కపెడుతోంది. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని అనుకోవడానికి ఆధారం లేదు. వాటి భారం మోసేది మాత్రం స్త్రీలే. లేని సుఖవ్యాధి పేరు చెప్పి భార్యను అనుమానించిన ఇళ్లు ఎన్నో ఉంటాయి. విద్యార్థి రాసే వాక్యానికి అలాంటి బరువు కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

పరీక్ష పేరు చూడకుండా ఫలితం చదవొద్దు

ఒక జిల్లాలో సిఫిలిస్ 2 శాతం ఉందని ఒక పరిశోధనాపత్రం చెప్పిందనుకుందాం. తరవాతి ప్రశ్న, ఏ పరీక్షతో? సిఫిలిస్‌కు రెండు రకాల రక్తపరీక్షలున్నాయి. వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్ అనేవి రోగం చురుకుగా ఉన్నప్పుడు పెరిగి, వైద్యం తరవాత తగ్గే ప్రతిరక్షకాలను కొలుస్తాయి. అందుకే చికిత్స పనిచేసిందో లేదో చూడటానికి వాటి స్థాయి నాలుగో వంతుకు తగ్గిందా అని చూస్తారు. కానీ గర్భం, మలేరియా, కుష్ఠు, లూపస్ వంటి స్థితుల్లో అవి సిఫిలిస్ లేకున్నా పాజిటివ్ రావచ్చు. టీపీహెచ్‌ఏ వంటి రెండో రకం పరీక్షలు సిఫిలిస్ బ్యాక్టీరియానే లక్ష్యంగా చేసుకుంటాయి గనుక అంత సులువుగా తప్పు చెప్పవు. అయితే ఒకసారి పాజిటివ్ అయితే, రోగం పూర్తిగా నయమైనా, చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉండిపోతాయి. మొదటి రకంతో మాత్రమే కొలిస్తే లేని రోగం లెక్కలోకి వస్తుంది, రెండో రకంతో మాత్రమే కొలిస్తే పాతికేళ్ల కిందట నయమైన రోగమూ వస్తుంది. రెండూ చేసి, రెండింటిలోనూ పాజిటివ్ అయినవారినే లెక్కించిన అధ్యయనాన్ని, ఒక్క పరీక్షతో ముగించిన అధ్యయనంతో పోల్చి, ఈ జిల్లాలో ఎక్కువ, ఆ జిల్లాలో తక్కువ అని తీర్పు చెప్పలేం.

పరీక్ష ఎంత మంచిదైనా, అది ఎవరిమీద చేశామన్నదాన్ని బట్టి దాని ఫలితానికి విలువ మారుతుంది. ఇది విద్యార్థులకు అంత త్వరగా మింగుడుపడదు గనుక లెక్క వేసి చూడటం మేలు. సోకినవారిలో 99 శాతం మందిని పట్టుకునే, సోకనివారిలో 99 శాతం మందికి నెగటివ్ చూపే ఒక పరీక్ష ఉందనుకుందాం. మన దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ సుమారు 0.2 శాతం. లక్షమందిని పరీక్షిస్తే నిజంగా సోకినవారు 200 మంది, వారిలో 198 మందికి పాజిటివ్ వస్తుంది. సోకని 99,800 మందిలో ఒక శాతం, అంటే 998 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం 1,196 పాజిటివ్‌లలో నిజమైనవి ఆరింట ఒక వంతే. అదే పరీక్షను 10 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్న సమూహంలో చేస్తే పాజిటివ్ వచ్చినవారిలో పది మందికి తొమ్మిది మంది నిజంగా సోకినవారే. అందుకే ఐసీటీసీలనే మన ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఒక్క పరీక్షతో ఎవరికీ హెచ్‌ఐవీ ఉందని చెప్పరు. వేర్వేరు సూత్రాలతో పనిచేసే మూడు పరీక్షల్లోనూ పాజిటివ్ వస్తేనే నిర్ధారిస్తారు. ఇది అర్థం చేసుకున్న విద్యార్థి రక్తదాన శిబిరంలో మొదటి వడపోత పరీక్షలో పాజిటివ్ వచ్చినవారి సంఖ్యను కాలేజీలో హెచ్‌ఐవీ శాతంగా ఎన్నటికీ రాయడు. సోకిన తొలి వారాల్లో ప్రతిరక్షకాలు తయారు కాక పరీక్ష నెగటివ్ చూపే కాలం ఒకటుంటుందనీ, అది మూడు నెలల దాకా ఉండవచ్చనీ కూడా గుర్తుంచుకుంటే నెగటివ్ ఫలితాన్ని సైతం జాగ్రత్తగా చదువుతాడు.

ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గణాంకాలతో పనిచేసేవారికి ప్రత్యేకంగా ఒక ముప్పు ఉంది. 2005-06 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ 0.97 శాతం. నాకో 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ 0.67 శాతం, తెలంగాణ 0.47 శాతం. మొదటిది 2014లో విడిపోబోయే ఉమ్మడి రాష్ట్రానిది, రక్తపరీక్షల ద్వారా నేరుగా కొలిచినది. తరవాతివి రెండు వేర్వేరు రాష్ట్రాలవి, అనేక వనరుల సమాచారాన్ని గణిత నమూనాలో వేసి అంచనా కట్టినవి. జిల్లా స్థాయికి దిగితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. తెలంగాణ జిల్లాలు 2016లోనూ, ఆంధ్ర జిల్లాలు 2022లోనూ విడిపోయాయి. దండోనా బృందం కొలిచిన గుంటూరు జిల్లాలో నేటి పల్నాడు, బాపట్ల జిల్లాల ప్రాంతాలు కూడా ఉన్నాయి. పట్టిక తయారుచేసే ముందు ఆ ఏడాది ఆ పేరు కింద ఏ మండలాలున్నాయో చూసుకోకపోతే పోలికంతా వ్యర్థం.

ఉన్నవారి శాతానికీ, కొత్తగా సోకుతున్నవారి సంఖ్యకూ తేడా గమనించకపోవడం కూడా ఇక్కడే దెబ్బతీస్తుంది. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక హెచ్‌ఐవీ ఉన్నవారు ఎక్కువకాలం బతుకుతున్నారు. బతికి ఉన్నవారి శాతం వేగంగా తగ్గకపోవడానికి అదొక ముఖ్య కారణం. ఆంధ్రప్రదేశ్ శాతం దేశ సగటుకు మూడు రెట్లుందని ఆందోళన చెందే వ్యాసాలు ఆ రాష్ట్రంలో వైద్యం అందుతున్న సంగతిని కూడా చెబితే బాగుంటుంది.

సొంతంగా సర్వే చేయాలనుకుంటే

చాలామంది విద్యార్థులు తమ కాలేజీలోనే గూగుల్ ఫారం పంచి ప్రాజెక్టు ముగించాలనుకుంటారు. దానికి ముందు ఒక చిన్న లెక్క చూసుకోవాలి. వంద మందిని పరీక్షించినా ఒక్కరికీ రోగం లేదని తేలిందనుకున్నా, అసలు శాతం 3 దాకా ఉండే అవకాశాన్ని ఆ ఫలితం తోసిపుచ్చదు. 400 మంది గర్భిణుల నమూనాలో ఒక శాతమంటే నలుగురు. ఒక్కరు అటూ ఇటూ అయితే ఆ శాతం పావు వంతు మారిపోతుంది. కాబట్టి కాలేజీ సర్వేతో రోగం ఎంత ఉందో తేల్చడం సాధ్యం కాదు. రోగం గురించి తోటివారికి ఏం తెలుసు, ఎక్కడ విన్నారు, అవసరమైతే పరీక్షకు ఎక్కడికి వెళ్లాలో తెలుసా, వెళ్లడానికి ఏది అడ్డొస్తోంది అన్నవి మాత్రం తెలుసుకోవచ్చు. అవి చిన్న ప్రశ్నలు కావు. రోగాల శాతం చెప్పే అంకె కన్నా ఈ సమాధానాలే ఆ కాలేజీ ఆరోగ్య కేంద్రానికి ఎక్కువగా పనికొస్తాయని నా నమ్మకం.

వయసు విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. డిగ్రీ, ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో 17 ఏళ్లవారు చాలామంది ఉంటారు. 18 ఏళ్లలోపు వారితో లైంగిక చర్య, వారి ఇష్టంతో జరిగినా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరమే. ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని అదే చట్టం అంటుంది. గోప్యంగా ఉంచుతామని ఫారం మీద మాట ఇచ్చి, 17 ఏళ్ల అమ్మాయి రాసిన జవాబు చేతిలో పెట్టుకున్న విద్యార్థి మాట తప్పాలో చట్టం తప్పాలో తేల్చుకోలేడు. సర్వేను 18 నిండినవారికే పరిమితం చేయడం ఒక్కటే దారి.

పేరు అడగకపోతే గోప్యత ఉన్నట్టే అనుకోవడం మరో భ్రమ. మెకానికల్ బ్రాంచిలో తరగతికి ఐదారుగురే అమ్మాయిలుండే కాలేజీలో బ్రాంచి, ఏడాది, జెండర్, సొంత జిల్లా అడిగితే ఆ జవాబు ఎవరిదో తరగతిలో అందరికీ తెలిసిపోతుంది. ఫారంలో మెయిల్ ఐడీ సేకరించే సెట్టింగును తీసివేయాలి, అవసరం లేని వివరం ఒక్కటి కూడా అడగకూడదు, ఐదుగురి కంటే తక్కువమంది ఉన్న గడిని పట్టికలో చూపకూడదు. ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసేవారు ఓపీ రిజిస్టరు పేజీని ఫోనులో ఫొటో తీసుకుని హాస్టల్‌కు వెళ్లాక ఎక్కించుకుందామనుకుంటే, అది కేవలం క్రమశిక్షణ విషయం కాదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులోకి జారితే ఒక మనిషి ఉద్యోగం, పెళ్లి, ఇల్లు అన్నీ ప్రమాదంలో పడతాయి.

గైడ్ సంతకం ఒక్కటే చాలదు. మనుషులను అడిగే ప్రశ్నలైనా, వారి రికార్డులైనా సంస్థలోని ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతాయి. ఇది అనవసరమైన కాగితాల పని అనిపించేవారు ఖమ్మం సంగతి చదవాలి. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో, పాత్ అనే అమెరికన్ సంస్థ ప్రభుత్వ యంత్రాంగంతో కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిపింది. కొందరు బాలికల మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. తేలింది మరొకటి. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే ఎంతోమంది గిరిజన బాలికల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించగల ఒక మంచి టీకాపై మన ప్రాంతంలో ఏళ్ల తరబడి అనుమానం మిగలడానికి ఆ సంతకాలు కూడా కారణమయ్యాయి. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా, వైద్యం ఇవ్వకుండా రోగం ఎలా ముదురుతుందో గమనించారు. పాఠ్యపుస్తకాల్లో ఆ ఉదంతం తప్పక ఉంటుంది. ఖమ్మం కూడా ఉండాలి.

సర్వే ముగిశాక ఎవరో ఒకరు తప్పకుండా పక్కకు పిలిచి తమ సందేహం అడుగుతారు. అక్కడ విద్యార్థి డాక్టరు పాత్ర వేయకూడదు, ఇంటర్నెట్‌లో చూసిన మందు పేరు చెప్పకూడదు. జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా వైద్యమూ కౌన్సెలింగూ అందించే సురక్ష క్లినిక్ ఎక్కడుందో, హెచ్‌ఐవీ పరీక్షకు ఐసీటీసీ ఎక్కడుందో ముందే వెళ్లి చూసి రావాలి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరును ఫారం చివర అందరికీ కనిపించేలా రాయాలి. ఆ సంభాషణలో విన్నది ఎంత ఆసక్తికరంగా ఉన్నా ప్రాజెక్టులోకి రాకూడదు, ఎందుకంటే ఆ మనిషి సమ్మతి ఇచ్చింది ఫారానికే గానీ ఆ మాటలకు కాదు.